మూడు వారాలు దాచిన దెబ్బ

నేను నరసరావుపేటలో పద్దెనిమిదేళ్ళుగా బోరు మోటార్లకు వైండింగ్ చేస్తున్నాను. కాయిల్‌కి ఎన్ని చుట్లు పడ్డాయో లెక్కపెడుతూనే ఫోన్ మాట్లాడగలను, టీ తాగగలను, పక్క షాపువాడితో గొడవ పెట్టుకోగలను. అలాంటిది ఒకరోజు ముప్పై చుట్లు దాటగానే లెక్క పోయింది. విప్పి మళ్ళీ మొదలుపెట్టాను. మళ్ళీ పోయింది. మూడోసారి విప్పుతూ, అసలు ఎందుకు విప్పుతున్నానో మర్చిపోయి రాగితీగ చేతిలో పట్టుకుని కూర్చున్నాను. ఎదురుగా ఉన్న రైతు "ఏంది మస్తానూ, అట్టా కూర్చున్నావు?" అన్నాడు. నిద్ర చాల్లేదని చెప్పాను.

నిద్ర సంగతి కాదని నాకు తెలుసు. అప్పటికి పదకొండు రోజులుగా ఎడమ చెవి పైన నొప్పి. పొద్దున లేవగానే వాంతి వచ్చినట్టు ఉండేది. ట్యూబ్‌లైట్ వేస్తే కళ్ళలో గుచ్చుకునేది. అది ఎక్కడి నుంచి వచ్చిందో కూడా తెలుసు. వినుకొండ వైపు ఒక ఊళ్ళో కబడ్డీ పోటీల నుంచి.

కబడ్డీ చూడనివారికి ఒక మాట చెప్పాలి. కూత పెట్టుకుంటూ వచ్చిన రైడర్ గీత దగ్గరికి జరిగినప్పుడు, అతన్ని పట్టుకోకుండా, పరిగెత్తుకొచ్చి భుజంతో గుద్ది గీత బయట పడేయడాన్ని డ్యాష్ అంటారు. మా చుట్టుపక్కల ఆ దెబ్బకి నాకు పేరుంది. ఆ రోజు కూడా ఒకణ్ణి డ్యాష్ కొట్టాను. ఇద్దరం కలిసి పడ్డాం. వాడి మోకాలు నా తలకి తగిలింది. కొన్ని క్షణాలు కళ్ళముందు ఏమీ లేదు. లేచేసరికి పాయింటు మాదే. జట్టంతా వచ్చి సంబరంగా నా నెత్తిమీదే చరిచారు.

ఇంట్లో చెప్పలేదు. నా భార్య షమీమ్ అప్పటికే "ముప్పై నాలుగేళ్ళొచ్చాయి, ఇంక ఆట చాలు" అని ఏడాదిగా అంటోంది. (మేం ఇంట్లో ఉర్దూ మాట్లాడుకుంటాం, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.) ఈ దెబ్బ సంగతి తెలిస్తే శివరాత్రి పోటీలకు గడప దాటనివ్వదు. మెడికల్ షాపులో తలనొప్పి బిళ్ళలు కొని షాపు డ్రాయర్లో పెట్టుకుని, ఆమెకి కనపడకుండా మింగాను. ఎంత తెలివైనవాణ్ణో చూడండి.

మూడు వారాల తర్వాత రొంపిచెర్ల దగ్గర ఒక ఊళ్ళో శివరాత్రి పోటీలు. ఎదుటి జట్టులో కోటి ఉన్నాడు. కోటేశ్వరరావు, ఇరవై రెండేళ్ళవాడు, డిగ్రీ చదువుతూ ఆడుతున్నాడు. రెండేళ్ళు నా దగ్గరే ఆట నేర్చుకుని ఆ జట్టుకి వెళ్ళాడు. రెండో సగంలో మేం రెండు పాయింట్లు వెనక ఉన్నాం. రైడ్‌కి నేనే వెళ్తానన్నాను. తడిపిన మట్టి కాళ్ళకి చల్లగా తగలడం గుర్తుంది. ఆ తర్వాత నాకు గుర్తున్నది గుంటూరులో ఒక ఆసుపత్రి పైకప్పు.

మధ్యలో జరిగింది అందరూ చెప్పగా తెలిసింది. కోటి నన్ను డ్యాష్ కొట్టాడు. నేను గీత దాటి, జనం లోపలికి రాకుండా కట్టిన తాడు పక్కన పడ్డాను. లేచి కూర్చుని స్కోరెంత అని అడిగానట. చెప్పారు. మళ్ళీ అడిగానట. నాలుగోసారి అడిగినప్పుడు చుట్టూ నవ్వారట. మా కెప్టెన్ ఏడుకొండలు నా నెత్తిన ఒక బిందె నీళ్ళు పోసి కుర్చీలో కూర్చోబెట్టి, వెళ్ళి కోటి చొక్కా పట్టుకున్నాడు. అక్కణ్ణించి అరగంట పంచాయితీ. ఫౌలని మావాళ్ళు, కాదని వాళ్ళు. ఎవరి ఫోన్లో వాళ్ళు వీడియో ఆపి ఆపి చూశారు. భుజం ఛాతీకి తగిలిందా, మెడకి తగిలిందా. నేను కుర్చీలో రెండుసార్లు వాంతి చేసుకున్నాను. ఎవరో సోడా తెచ్చిచ్చారు. చివరికి అంపైరింగ్ చేస్తున్న రిటైర్డ్ పీఈటీ మాస్టారు నన్ను ఏదో అడిగితే నా మాట ముద్దగా వచ్చిందట. ఆయన ఈల జేబులో పెట్టుకుని ఆటో పిలిచారు.

నరసరావుపేటలో తలకి సీటీ స్కాన్ తీసి, చూసినవెంటనే గుంటూరు పంపించారు. "సబ్‌డ్యూరల్ హెమటోమా. మిడ్‌లైన్ షిఫ్ట్ ఉంది. ఆలస్యం చెయ్యొద్దు," అని న్యూరోసర్జన్ షమీమ్‌తో అన్నారు. పుర్రెకీ మెదడుకీ మధ్య రక్తం చేరి మెదడుని పక్కకి నెడుతోందని అర్థం. బర్ హోల్ సర్జరీ అని, పుర్రెకి రెండు రంధ్రాలు పెట్టి ఆ రక్తం తీసేశారు. షమీమ్ సంతకం పెట్టిన కాగితంలో ఏం రాసుందో ఆమెకి ఇప్పటికీ తెలియదు. అడిగితే మాట మార్చేస్తుంది.

మూడో రోజు డాక్టర్ గారు సీటీ పట్టుకుని వచ్చారు. "మస్తాన్, ఇక్కడ కొత్త రక్తం ఒక్కటే లేదు. పాత రక్తం మీద కొత్త రక్తం ఉంది. రెండు మూడు వారాల కిందట తలకేమైనా తగిలిందా?"

తలదగ్గర షమీమ్ ఉంది. కాళ్ళదగ్గర ఏడుకొండలు ఉన్నాడు.

"లేదు సార్," అన్నాను.

"పడ్డారా, గుద్దుకున్నారా? బాగా గుర్తుచేసుకోండి."

"లేదు సార్."

"మందు తాగుతారా?"

దెబ్బ లేకుండా రక్తం ఎందుకు చేరిందో తెలుసుకోవాలి కదా. ప్లేట్‌లెట్స్ అన్నారు, రక్తం సరిగా గడ్డకడుతోందో లేదో చూడాలని పీటీ ఐఎన్ఆర్ అన్నారు, లివర్ పరీక్షలు రాశారు. షమీమ్‌కి మందు మాట తగిలింది. "మా ఆయన జన్మలో ముట్టలేదు సార్," అని నర్సుకి, ఆయాకి, పక్క బెడ్డు వాళ్ళకి కూడా చెప్పుకుంది. నేను కళ్ళు మూసుకుని నిద్రపోతున్నట్టు పడుకున్నాను.

ఈలోగా ఊళ్ళో పోటీల పెద్దలు కూర్చుని, విచారణ పూర్తయ్యేదాకా కోటిని ఎక్కడా ఆడించకూడదని తేల్చారు. వాడికి ఎండాకాలంలో రాష్ట్ర జట్టు సెలక్షన్ ఉంది. అది పోతే స్పోర్ట్స్ కోటా ఉద్యోగం ఆశ కూడా పోయినట్టే. ఏడుకొండలు వచ్చినప్పుడల్లా అదే మాట. "ఆడిది డర్టీ ఆటరా మస్తానూ. కావాలని కొట్టాడు. నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు చాలు, ఆడి ఆట బందు." చూడటానికి వచ్చిన ప్రతివాడూ నా మంచం పక్కన నిలబడి డ్యాష్ న్యాయమా అన్యాయమా అని వాదించేవాడు. నిజం చెప్పాలంటే, అన్యాయం జరిగినవాడిగా పడుకోవడం నాకు హాయిగా ఉంది.

ఒక్క పీఈటీ మాస్టారే వేరేగా మాట్లాడారు. "మా రోజుల్లో గీత బయటికి నెట్టడం తప్పనేవాళ్ళం రా. పట్టుకుని ఆపాల. ఇప్పుడు టీవీలో నెట్టినోడికే చప్పట్లు. నువ్వు ఎంతమందిని పడేశావు? ప్రతిసారీ ఈలేసి పాయింటు ఇచ్చింది నేనే గదా." ఆయన ఎవరి మీద కోప్పడుతున్నారో నాకు అర్థం కాలేదు. సంచీలో తెచ్చిన బత్తాయిలు బల్లమీద పెట్టి వెళ్ళిపోయారు.

తొమ్మిదో రోజు ఇంటికి పంపించారు. ఫిట్స్ రాకుండా రోజుకి రెండుసార్లు టాబ్లెట్, ఒక్క పూట కూడా తప్పకూడదు, ఈ సంవత్సరం ఉపవాసాలు వద్దు అని రాసిచ్చారు. మరుసటి వారమే రంజాన్ నెల. ఇంట్లో అందరూ రోజా ఉంటే నేనొక్కణ్ణే పగలు గంజి తాగడం సిగ్గనిపించింది. తెల్లవారుజామున సహరీకి ఒకటి, సాయంత్రం ఇఫ్తార్‌కి ఒకటి వేసుకుంటే సరిపోతుందని నాకు నేనే డాక్టరునైపోయాను. ఒకరోజు సహరీకి మెలకువ రాలేదు. టాబ్లెట్ లేదు, నీళ్ళు లేవు. మధ్యాహ్నం షాపులో పని చూద్దామని వెళ్ళి అక్కడే పడిపోయాను. చేతులూ కాళ్ళూ కొట్టుకున్నాయట. చుట్టుపక్కల షాపులవాళ్ళు పరిగెత్తుకొచ్చి నా చేతిలో తాళాల గుత్తి పెట్టి గట్టిగా మూసి పట్టుకున్నారు. ఇనుము పట్టుకుంటే ఫిట్స్ ఆగుతాయని మా దగ్గర అందరి నమ్మకం. నేనే ఇద్దరికి అలా పెట్టి ఉంటాను.

"తాళాలు కాదమ్మా, పక్కకి తిప్పి పడుకోబెట్టాలి. నోట్లో ఏమీ పెట్టకూడదు," అని మళ్ళీ గుంటూరు తీసుకెళ్ళాక డాక్టర్ గారు షమీమ్‌కి చెప్పారు. తర్వాత కుర్చీ లాక్కుని నా ఎదురుగా కూర్చున్నారు. "టాబ్లెట్ మానేసింది దాచావు. ఇంకా నాకు చెప్పనిదేమైనా ఉందా?"

చెప్పేశాను. వినుకొండ వైపు పోటీలు, మోకాలు, డ్రాయర్లో బిళ్ళలు, లెక్క తప్పిన కాయిల్, అన్నీ. ఆయన తిట్టలేదు. "మొదటి దెబ్బకే ఒక సీటీ తీయించుకుని ఉంటే నువ్వు రెండో మ్యాచ్ ఆడేవాడివి కాదు. ఈ రెండు రంధ్రాలూ ఉండేవి కావేమో," అని రాసుకుని వెళ్ళారు.

ఆయన వెళ్ళాక షమీమ్ ఆ కుర్చీలో కూర్చుంది. తర్వాత అంది: "ఆ పిల్లోణ్ణి నేను రోజూ తిట్టాను. రోజా నోటితో వాడి చేతులు పడిపోవాలని దువా చేశాను. ఇప్పుడు అది ఎట్టా వెనక్కి తీసుకోవాలి? నువ్వే చెప్పు."

నాకు ఏడుపొచ్చింది. తలకి దెబ్బ తగిలినప్పటి నుంచి ఏడుపు త్వరగా వస్తోంది, కానీ ఆరోజుది అందువల్ల కాదు.

పండగ అయ్యాక విచారణకి వెళ్ళాను. షమీమ్ కూడా వచ్చి బయట బెంచీమీద కూర్చుంది. అందరిముందు చెప్పాను: మూడు వారాల ముందే నా తలలో రక్తం చేరింది, అది నేను దాచి ఆడాను, కోటి భుజం నా ఛాతీకే తగిలింది, వీడియోలో ఉన్నది అదే. ఏడుకొండలు లేచాడు. "మరి ఇన్నాళ్ళు మా చేత ఎందుకు అరిపించావురా? మన జట్టు పరువు తీశావు," అని వెళ్ళిపోయాడు. ఇప్పటికీ షాపు ముందు నుంచి వెళ్తూ తల తిప్పుకుంటాడు. కోటిని ఆడనిచ్చారు.

బయటికొచ్చాక కోటి నా వెనకే వచ్చాడు. నాకు దండం పెడతాడేమో, వద్దనాలి అనుకున్నాను. వాడు అదేం చెయ్యలేదు. బస్టాండు దగ్గర టీ తీసుకుని, తాగకుండా పట్టుకుని నిలబడ్డాడు.

"అన్నా, నువ్వు అట్టా చెప్పావు, నాకు మేలు జరిగింది. కానీ నాకు చానా రోజులుగా నిద్ర పట్టట్లా. నీకొకటి చెప్పాల."

"చెప్పరా."

"కూతకి రాకముందే నువ్వు తూలావు. కుడికాలు ఈడుస్తన్నావు. నేను చూశా. ఇయ్యాల మస్తాన్ అన్న దొరుకుతాడనుకున్నా. అందుకే నీ మీదికొచ్చా."

నాకు కోపం రావాలి. రాలేదు. ఎదుటివాడి కాలు తడబడితే అటే వెళ్ళాలని వాడికి నేర్పింది నేనే. "నీ చోట ఉంటే నేనైనా అదే చేసేవాణ్ణి," అన్నాను. అది ఓదార్పో, ఒప్పుకోలో నాకే తెలియలేదు. తూలుతున్నవాణ్ణి చూసి మరీ కొట్టడం రూల్స్ ప్రకారం తప్పు కాదు. అయినా నేను పడేసినవాళ్ళలో ఎంతమంది అలా తూలుతున్నారో అని ఆ రాత్రంతా ఆలోచించాను.

వాడు టీ గ్లాసు అక్కడ పెట్టేసి ఇంకొక మాట అడిగాడు. "నేను మధ్య గీతకి ఇవతల ఉండి చూశానన్నా. మీవాళ్ళు ఆరుగురు నీ పక్కనే ఉన్నారు. ఒక్కళ్ళు కూడా చూడలేదా?"

ఇది జరిగి ఎనిమిది నెలలైంది. ఇప్పుడు కాయిల్ చుట్టేటప్పుడు పది చుట్లకొకసారి సుద్దముక్కతో బల్లమీద గీత గీస్తాను. సాయంత్రానికి తల బరువెక్కుతుంది. టాబ్లెట్లు ఇంకా ఉన్నాయి, తగ్గిస్తామంటున్నారు. బండి నడపొద్దన్నారు కాబట్టి షమీమే వెనక కూర్చోబెట్టుకుని షాపు దగ్గర దింపుతుంది. ఆట మానేశాను. డ్యాష్ మంచిదా చెడ్డదా అని షాపుకొచ్చేవాళ్ళు ఇప్పటికీ అడుగుతారు. ఒకరోజు ఒకలా, ఇంకోరోజు ఇంకోలా చెబుతాను.

ఆడేవాళ్ళకీ, ఆడించేవాళ్ళకీ నేను గట్టిగా చెప్పగలిగింది ఒక్కటే. మీవాడు తలకి దెబ్బ తగిలాక అడిగిందే అడుగుతున్నా, తూలుతున్నా, కాలు ఈడుస్తున్నా ఆట ఆపించి సీటీ తీయించండి. బాగానే ఉన్నానని అంటాడు, నమ్మొద్దు, నేనూ అలాగే అన్నాను. అది ఫౌలో కాదో తర్వాత తేల్చుకోవచ్చు. మాకు కనపడలేదని తర్వాత అనకండి, మీకంటే ముందు ఎదుటి జట్టువాడు చూసేసి ఉంటాడు.