శాలువాల కింద నలిగిన టెలిస్కోపు

పులివెందులలోని ఒక పాఠశాలవారు సైన్సు సభలో మాట్లాడమని పిలవడంతో ఈ ప్రయాణం మొదలైంది. విషయం గాయా: నక్షత్రాల స్థానాలను మునుపెన్నడూ లేనంత కచ్చితంగా కొలిచి, ఇటీవలే పని ముగించుకున్న అంతరిక్ష టెలిస్కోపు. కాలేజీ మెట్లెక్కని నేను దాని గురించి సొంతంగా చదువుకున్నాను. అరగంట అడిగితే ఒప్పుకున్నారు.

ఉదయం ఆరున్నరకు ప్రొద్దుటూరులో బస్సెక్కి జమ్మలమడుగులో దిగాను. అక్కడి వడ్రంగి సామ్యేలు మామ నా కోసం నమూనా చేసి ఉంచాడు: తిరిగే చెక్క పళ్లెం మీద వేర్వేరు దిక్కులకు చూసే రెండు గొట్టాలు. గాయా అలాగే మెల్లగా తిరుగుతూ, రెండు దిక్కుల నక్షత్రాలను ఒకేసారి చూసి పోల్చేది. గొట్టాల మధ్య కోణం కదిలితే కొలతంతా చెడుతుంది.

“ఏందప్పా ఇది, రొట్టెల పీటకు ఫిరంగులు బిగించినట్లుండాది! శానా భద్రం, యాడా కింద పెట్టొద్దు,” అన్నాడు మామ.

ముద్దనూరు మీదుగా పులివెందుల దాకా దాన్ని ఒళ్లోనే పెట్టుకున్నాను. “దీనిక్కూడా టికెట్టు కొట్టాల్నా అన్నా?” అని కండక్టరు నవ్వాడు.

సభ పదిన్నరకు సన్మానాలతో మొదలైంది. ఊరి పెద్దకు, ఆయన తమ్ముడికి, వారిద్దరినీ పరిచయం చేసిన వ్యక్తికి కూడా శాలువాలు. బల్ల మీద చోటు చాలక శాలువాల కట్టను నా నమూనా మీద పెట్టారు. దాని మీద దండలు, ఆపైన పండ్ల బుట్ట. తీయమని అడిగాను. “ఉండు సార్, ఫోటో తీస్తాండారు,” అన్నాడు నిర్వాహకుడు. బుట్ట తీసేసరికి ఒక గొట్టం ఊడి వేలాడుతోంది.

అప్పుడు నాకూ శాలువా కప్పబోయారు. “వేంపల్లె నుంచి వచ్చిన పిల్లోళ్లను తీస్కపోను బస్సు వచ్చింది. రెండు ముక్కల్లో కానియ్యి సార్,” అన్నాడు నిర్వాహకుడు.

“ఈ గుడ్డ నాకొద్దు. ఒప్పుకున్న అరగంట ఇవ్వండి,” అన్నాను. నిర్వాహకుడు పిల్లలను లేపి బస్సు వైపు పంపాడు. నా అరగంట రాలేదు.

పిల్లల వెంటే బయటికి నడిచాను. బస్సు కిటికీలోంచి ఒకమ్మాయి అడిగింది: “సార్, ఆడికి పోకుండానే నక్షత్రం ఎంత దూరమో ఎట్ల తెలుస్తాది?”

“దోవలో చూస్తా పో తల్లీ. దగ్గరి చెట్టు గబగబా వెనక్కి జరుగుతాది, దూరపు కొండ జరిగినట్లే ఉండదు. భూమి కూడా మనల్ని ఎక్కించుకుని సూర్యుని సుట్టూ తిరుగుతాండాది. ఏ నక్షత్రం ఎంత జరిగినట్లు కనపడిందో కొలిస్తే...” మిగిలిన మాట హారను మింగేసింది.

తిరుగు ప్రయాణంలో నా కోపం తగ్గలేదు, తగ్గించుకోవాలనీ అనుకోలేదు. లక్షల కిలోమీటర్ల అవతల గాయా ఏళ్ల తరబడి కాపాడిన కోణాన్ని మనం ఒక్క పూట కాపాడలేకపోయాం. వినడానికి వచ్చిన పిల్లల సమయాన్ని కోసి పెద్దల భుజాల మీద కప్పాం.

ఇలా మాట్లాడటానికి వెళ్లేవారికి ఒక్క సూచన: ప్రసంగం ముందా, శాలువా ముందా అని బయలుదేరకముందే అడగండి. శాలువా ముందంటే, పిల్లలు ఏ బస్సులో వస్తారో కనుక్కొని అందులోనే ఎక్కండి.