నీలం డ్రమ్ము, నా మడమ

పొద్దున పటాన్‌చెరులో ఒక స్క్రాప్ షాపు ముందు నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కనిపించింది. షాపాయన చూస్తున్నా సరే, వంగి దాని మీద నాలుగు దెబ్బలు వేశాను.

కాజీపల్లిలో నాతో పెరిగినవాళ్లకు గుర్తుందా? ఫ్యాక్టరీలు వాడి పారేసిన ఇలాంటి డ్రమ్ము నీళ్లకోసం ఇంటింటికీ ఒకటి ఉండేది. ఎంత కడిగినా ఫ్యాక్టరీ వాసన పోయేది కాదు. నేను డప్పు దెబ్బ నేర్చుకున్నది దాన్ని బోర్లించుకునే.

పెళ్లిళ్లలో డప్పు కొట్టే మా నాయనకు నా తొందర నచ్చేది కాదు. "కొట్టుడు అందరికొస్తది బిడ్డా. నాలుగు కొట్టు, నాలుగు ఇడిసిపెట్టు. చెయ్యి ఆగాలె, మడిమ ఆగొద్దు," అనేవాడు. వదిలేసిన ఆ నాలుగింటినీ మడమతో నేల మీద లెక్కపెట్టేదాన్ని. ఎప్పుడూ మూడుకే చెయ్యి లేచిపోయేది.

ఒకరోజు నాయన ముందు కూర్చుని డ్రమ్ము మీద కొడుతుంటే పెదనాయన గుమ్మంలోకి వచ్చి, "ఆడపిల్లకు డప్పేంది? ఇగ బంద్ చెయ్యి," అన్నాడు.

చెయ్యి ఆపాను. మాట నెగ్గిందనుకుని ఆయన వెనక్కి తిరిగాడు. నా మడమ మాత్రం నేలను తడుతూనే ఉంది. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మళ్లీ అందుకున్నాను.

పెదనాయన అక్కడే నిలబడిపోయాడు. నాయన ఆయన వైపు చూడనైనా చూడలేదు.

"ఇయ్యాల సక్కగ ఆగినవ్ బిడ్డా," అన్నాడు నాతో.