నలభై ఒక్క స్నానాలు

నా మనుమరాలికి నలభై ఒక్కసార్లు నీళ్లు పోశాను. పుట్టిన పదకొండో రోజున మొదలుపెట్టాను. ప్రతి స్నానం క్యాలెండర్‌ గడిలో గీతగా ఉంది. పిల్లను కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె రాసి, తల గుండ్రంగా రావాలని అరచేతులతో నొక్కేదాన్ని. మా సుల్తానాబాద్‌లో అందరూ చేసేదే.

"అవి చేతులా, రోకళ్లా అత్తమ్మా? జర మెల్లగ," అని కోడలు నవ్వేది. తర్వాత స్నానాలు తనే చూసుకుంది.

ఆరు నెలలు నిండినా పిల్ల తల నిలపలేదు. మెదడులో మడతలు సరిగా పడలేదని డాక్టర్లు స్కాన్‌ చూసి చెప్పారు. ఆ రోజు నుంచి కోడలు పిల్లను నా ఒళ్లో వేయలేదు. నేనూ అడగలేదు. కానీ పిల్లను ఉయ్యాలలో వదిలి అందరూ పొలానికి పోయాక నూనె వేడిచేసి, పిల్ల తలను వేళ్ల కొసలతో నిమిరేదాన్ని. నొక్కి చెడగొట్టినది నిమిరితే బాగుపడదా? తర్వాత కూర్చోబెట్టి, తల వదిలి లెక్కపెట్టేదాన్ని. నాలుగుకు వాలిపోయేది. తొంభై మూడు రోజులూ నాలుగే.

జన్యు పరీక్ష ఫలితం వచ్చిందంటే కరీంనగర్‌ వెళ్లాం. డాక్టరమ్మ కాగితం తెరవకముందే చెప్పేశాను.

"నేనే నొక్కిన డాక్టరమ్మా. నలభై ఒక్కసార్లు."

ఆమె కాగితం చదివి పక్కన పెట్టింది. "అవ్వా, ఎప్పుడన్న నాట్లేసినవా?"

"ముప్పై ఒక్క ఏండ్లు ఏసిన."

"నారు కట్ట ఇప్పకుంట మడిల పడేస్తే?"

"ఉన్నకాడనే కుప్పపడి ఉంటది. వరుస పడదు."

"గంతే. మెదడు కణాల బయట ఒక ప్రొటీన్‌ ఉంటది. ఎంజైమ్‌ దాన్ని సరైన జాగల కోస్తెనే, కొత్త కణాలకు ఎక్కడిదాక పోవాల్నో, ఎక్కడ ఆగాల్నో తెలుస్తది. పాపకు ఆ ఎంజైమ్‌ పనిజేస్తలేదు. గిదంత కడుపులున్నప్పుడే అయింది. నీ చేతులు ముట్టకముందే."

కోడలు ఏడుస్తూ నా చెయ్యి పట్టుకుంది. నేను డాక్టరమ్మ వైపు తిరిగాను.

"అట్లనకు డాక్టరమ్మా. నేను చేసిందే అను."

"ఎందుకవ్వా?"

"నేను చేసిందైతే నేనే బాగుచేస్త."

ఆమె కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. "నాట్ల కాలం దాటిపోయిందవ్వా. వ్యాయామం చేయించుండ్రి. తల నిలుపుతదని మాత్రం మాటియ్యలేను."

మర్నాడు పొద్దున కోడలు పిల్లను తెచ్చి నా కాళ్ల మీద వేసింది.

"నీళ్లు పొయ్యి అత్తమ్మా."

నూనె రాశాను. నొక్కలేదు. ఒళ్లు తుడిచి, కూర్చోబెట్టి, తల వదిలాను. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

క్యాలెండర్‌ గడిలో నలభై రెండో గీత గీశాను. పక్కన నాలుగు అంకె వేశాను.