ఆ ఫీడ్‌బ్యాక్ నేను రాయలేదు

డిగ్రీ మూడో సంవత్సరంలో మాకు సైకాలజీలో రీసెర్చ్ మెథడ్స్ అని ఒక పేపర్ ఉండేది. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద కింద చీరల షాపు, మధ్యలో కోచింగ్ సెంటర్, ఆ పై రెండంతస్తులు మా కాలేజీ. కిటికీ పక్కనుంచి మెట్రో రైలు వెళ్ళినప్పుడల్లా సార్ కాసేపు ఆగి, అది దాటిపోయాక పాఠం మళ్ళీ అందుకునేవారు. ఆయన గెస్ట్ లెక్చరర్. ఏ ఏటి కాంట్రాక్టు ఆ ఏడే. ఎవరినీ కసిరేవారు కాదు, అటెండెన్స్ దగ్గర సతాయించేవారు కాదు. అందుకని అందరికీ ఇష్టమే.

ఆ పేపర్‌లో మార్కులన్నీ దాదాపు ఒక సర్వే మీదే ఆధారపడి ఉండేవి. ఫోన్ ఎక్కువగా చూసేవాళ్ళు తక్కువ నిద్రపోతారా అన్నది ప్రశ్న. ఒక్కొక్కరం ముప్పై మందిని అడిగి, వాళ్ళ జవాబుల్ని అంకెల్లోకి మార్చి, రిపోర్టు ఇవ్వాలి. నేను ఎల్బీనగర్‌లో మా అపార్ట్‌మెంట్‌లోనే ఇంటింటికీ తిరిగాను. మా అమ్మానాన్నలు గుంటూరు వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడ్డారు. మా బిల్డింగ్‌లో చాలామంది అటువాళ్ళే. తలుపు తీసిన ప్రతి ఆంటీ కూర్చోబెట్టి కాఫీ ఇచ్చి, తన నిద్ర సంగతి వదిలేసి కోడలి ఫోన్ సంగతి చెప్పేది. తంటాలు పడి ముగించాను. క్లాసులో చాలామంది ఆ తంటాలేవీ పడలేదు. క్యాంటీన్‌లో కూర్చుని, పెన్నులు మార్చి మార్చి కాగితాలన్నీ వాళ్ళే నింపేశారు. అది అందరికీ తెలుసు. ఎవరూ దాన్ని పెద్ద విషయం అనుకోలేదు.

సెమిస్టర్ చివర్లో ఫోన్లకు ఫీడ్‌బ్యాక్ లింక్ వచ్చింది. రాసినవాళ్ళ పేర్లు కనబడవని పైన రాసి ఉంది. కింద మాత్రం కాలేజీ మెయిల్‌తో లాగిన్ అవ్వమంది.

“పేరు కనవడదంటరు, మళ్ళ మెయిల్ అడుగుతరు. గిదేం ముచ్చటే?” అంది నా పక్కన కూర్చునే అమ్మాయి.

తనది తుర్కయంజాల్. నల్గొండ దగ్గరి ఊరి నుంచి వచ్చిన కుటుంబం. వాళ్ళ నాన్న డీసీఎం వ్యాన్ నడుపుతాడు. మొదటి సంవత్సరం నుంచీ మాది ఒకే బెంచీ, ఒకే టిఫిన్ డబ్బా. తన మాట విన్నాక నాకూ అనుమానం వచ్చింది. అన్నిటికీ ‘గుడ్’ అని నొక్కి, కామెంట్ రాయమన్న చోట ఏమీ రాయకుండా పంపేశాను.

కొన్నాళ్ళకు హెచ్‌ఓడీ మేడమ్ ఫోన్ పట్టుకుని క్లాసులోకి వచ్చారు. సార్ కూడా వచ్చారు గానీ తలుపు దగ్గరే నిలబడిపోయారు.

“అందరూ ఇంగ్లీషులో రాశారు. ఒక్కరు మాత్రం తెలుగులో రాశారు. వినండి,” అని మేడమ్ చదివారు. “‘మా సర్వేలు చాలావరకు అబద్ధాలు. ఎవరినీ అడగకుండా మేమే నింపుకున్నాము. సార్ అవి చూసి కూడా ఎక్కువ మార్కులు వేశారు. నిజంగా అడిగినవారికి తక్కువ వచ్చాయి. ఈ కోర్సులో ఏమి నేర్చుకున్నామో నాకు తెలియదు.’”

సార్ తన చెప్పుల వంక చూసుకుంటున్నారు.

“ఇది నిజమని తేలితే మీ సర్వేలన్నీ క్యాన్సిల్. సార్ సంగతి మేనేజ్‌మెంట్ చూసుకుంటుంది. రాసినవాళ్ళు నా దగ్గరికొచ్చి చెబితే మంచిది,” అని మేడమ్ వెళ్ళిపోయారు. వెనకాలే సార్ కూడా వెళ్ళిపోయారు.

ముందు బెంచీలో మా క్లాస్ రిప్రజెంటేటివ్ లేచింది. సరూర్‌నగర్ అమ్మాయి, గట్టి గొంతు. “గిది మనోళ్ళు రాసింది గాదు. ‘వేశారు’, ‘వచ్చాయి’... మనం గట్ల మాట్లాడ్తమా? ఎవరు మాట్లాడ్తరో అందరికి ఎరుకే గద.”

తలలన్నీ నావైపు తిరిగాయి.

క్లాసులో ఆంధ్రా ఇంటి పిల్లను నేనొక్కదాన్నే. పుట్టింది, పెరిగింది ఎల్బీనగర్‌లోనే. బయట ‘ఏంది’ అంటాను, గడప దాటి ఇంట్లోకి వెళ్ళగానే ‘ఏంటి’ అంటాను. ఆలోచించకుండానే మారిపోతుంది నాలుక. ఆ రోజు వరకూ దాన్ని ఎవరూ పట్టించుకున్నట్టు కూడా అనిపించలేదు.

“నేను రాయలే,” అన్నాను.

“నీ స్టేటస్‌లల్ల గిట్లనే రాస్తవ్ గద?”

“రాస్తే? నేను రాయలేదంటున్నా గదా!”

కోపంలో ‘రాయలే’ కాస్తా ‘రాయలేదు’ అయింది. వెనకనుంచి ఎవరో నవ్వారు.

మర్నాటి నుంచి క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఒక్క మెసేజ్ లేదు. మొదట ఏమీ అనుకోలేదు. పాఠం మధ్యలో ఒకసారి అందరి ఫోన్లూ ఒకేసారి గుర్రుమన్నాయి, నాది తప్ప. అప్పుడు అర్థమైంది, నన్ను వదిలేసి వేరే గ్రూపు పెట్టుకున్నారని. అన్నిటికన్నా బాధ నా పక్క బెంచీ ఖాళీ కావడం. తుర్కయంజాల్ అమ్మాయి వెళ్ళి గోడ పక్కన చివరి వరసలో కూర్చుంది. నేను చూస్తే కిటికీ వైపు చూసేది. తను కూడా నేనే రాశాననుకుంటోందని తిండి సహించలేదు నాకు.

ఇక నేను కూడా అందర్నీ అనుమానించడం మొదలుపెట్టాను. క్లాస్ రిప్రజెంటేటివే రాసి, నా మీదికి తోసేసి ఉంటుందా? అంత తొందరగా లేచి నా పేరు చెప్పకుండానే చెప్పేసిందే! రిపోర్టు ఆలస్యంగా ఇచ్చి సార్‌తో మాటపడిన ఒక అబ్బాయి ఉన్నాడు, వాడా? చివరికి హెచ్‌ఓడీ మేడమ్‌నీ వదల్లేదు. సార్ స్థానంలో ఆమె తన చుట్టాన్ని పెట్టుకోవాలనుకుంటోందని ఎవరో అనగా విన్నాను. ఆమే రాసుకుని ఆమే చదివిందేమో! బస్సులో, అన్నం ముందు, స్నానాల గదిలో ఇదే గొడవ.

“ఏంటే, ఈ మధ్య ఉలుకూ పలుకూ లేదు?” అని అమ్మ అడిగితే, “ఏం లేదు, పరీక్షలు” అన్నాను. చెబితే, ‘చూశావా, మనల్ని ఎప్పటికైనా వేరుగానే చూస్తారు’ అంటుంది. ఆ మాట వినడం నాకు ఇష్టం లేదు.

ఆ కామెంట్ నాకు కంఠతా వచ్చేసింది. ఒకరోజు మెట్రో మెట్లు దిగుతుండగా అందులో ఒక వాక్యం దగ్గర ఆగిపోయాను. ‘నిజంగా అడిగినవారికి తక్కువ వచ్చాయి.’ నిజంగా అడిగినవాళ్ళలో నాకు మంచి మార్కులే వచ్చాయి. తక్కువ వచ్చింది ఎవరికి? ఎల్బీనగర్ చౌరస్తాలో విజయవాడ వైపు బస్సులు ఆగే చోట, ఎండలో ప్యాడ్ పట్టుకుని ప్రయాణికుల వెంట తిరిగిన మనిషి ఒకరే ఉన్నారు, తుర్కయంజాల్ అమ్మాయి. తనకు క్లాసులో అందరికన్నా తక్కువ వేశారు సార్.

ఆ సాయంత్రం ఎల్బీనగర్‌లో తుర్కయంజాల్ వెళ్ళే సాగర్ రోడ్డు బస్సు కోసం నిలబడ్డ తన దగ్గరికి వెళ్ళాను.

“నువ్వే గదా?”

తను బుకాయించలేదు. “నేనే,” అంది. కళ్ళు అప్పటికే నిండిపోయాయి.

“మరి నా లెక్క ఎందుకు రాసినవే? నా మీదికి రావాల్ననా?”

“నీ లెక్కనా?” నిజంగానే విస్తుపోయింది. “బడిల నేర్పిన తెలుగు గదే గది! ‘వేసిన్రు’ అని రాస్తే మా తెలుగు సార్ ఎర్ర పెన్నుతోని కొట్టేసెటోడు. మాట్లాడేటిది ఏరు, రాసేటిది ఏరు. మేమంత గట్లనే రాస్తం. గది మీ ఇంట్ల మాట లెక్క ఉంటదని నాకేం ఎరుక?”

అన్నేళ్ళుగా నేను ఇంట్లో ఊరికే మాట్లాడుతున్న మాటల్ని తను ఎర్ర పెన్ను దెబ్బలు తింటూ నేర్చుకుందన్నమాట. ఆ సంగతి నాకెప్పుడూ తట్టలేదు.

“అందరు నన్నంటుంటే ఊకెందుకున్నవ్?”

“సార్ నౌకరి పోతదని మేడమ్ అన్నంక భయమైందే. నోరు లెవ్వలే. నీ పక్కకు కూసోవాల్నంటే మొఖం చెల్లలే.” బస్సు వచ్చింది. ఎక్కలేదు తను. “రేపు సార్ తాన పోత. నువ్వు జర తోడు ఒస్తవా?”

నాకింకా కోపం పోలేదు. అయినా వస్తానన్నాను.

మర్నాడు స్టాఫ్ రూమ్‌లో సార్ ఒక్కరే ఉన్నారు. తను చెప్పిందంతా విని చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చున్నారు.

“నీ రిపోర్టు నాకు గుర్తుందమ్మా. ఫోన్ పెరిగితే నిద్ర తగ్గుతుందని అందరి లెక్కలూ చెప్పాయి. నీ లెక్క ఒక్కటే ఎటూ తేలలేదు. ఎవరినీ అడక్కుండా ఇష్టమొచ్చిన అంకెలు వేసుకొచ్చావనుకున్నాను.”

“గా బస్‌స్టాప్‌ల నిలవడ్డోళ్ళ నిద్ర ఫోన్‌తోని పోలే సార్, డ్యూటీలతోని పోయింది. ఒకామె పెండ్లిళ్ళల్ల వంటకు పోతదంట. ఫోన్ల ఏం చూస్తవమ్మా అంటే, అలారం అన్నది.”

“ఇదంతా రిపోర్టులో ఎందుకు రాయలేదు?”

“మీరు అంకెలే రాయుమన్నరు గద సార్.”

నేనే ధైర్యం చేసి అడిగాను: “మిగతావాళ్ళవి మీకు అనుమానం రాలేదా సార్?”

“వచ్చింది. ముప్పై మంది చేతిరాతలు ఒకేలా ఉంటే తెలియదా?” కిటికీ వైపు తిరిగారు. “అడిగితే నా మీద ఎలాంటి ఫీడ్‌బ్యాక్ రాస్తారో అదీ తెలుసు కదమ్మా.”

ఆ రోజే ఆయన మేడమ్‌తో మాట్లాడి, సర్వే అందరిచేతా మళ్ళీ చేయించడానికి ఒప్పించారు. క్లాసంతా గొల్లుమంది. అప్పుడు తుర్కయంజాల్ అమ్మాయి లేచి, “రాసింది నేను. దాన్ని ఒట్టిగనే అన్నరు,” అని నన్ను చూపించి కూర్చుంది. క్షమించమని ఎవరూ అడగలేదు గానీ, ఆ మధ్యాహ్నం నా ఫోన్ వరసగా మోగింది. కొత్త గ్రూపులో నన్ను చేర్చారు. తను తన డబ్బా తీసుకుని మళ్ళీ నా పక్కకు వచ్చింది. రెండు మూడు రోజులు ఇద్దరం పొడిపొడిగా మాట్లాడుకున్నాం. ఆ తర్వాత మామూలే.

సర్వేలు ఈసారి నిజంగానే చేశారు. తుర్కయంజాల్ అమ్మాయి పాత రిపోర్టును సార్ తీసి మళ్ళీ దిద్ది మార్కులు పెంచారు. ఎక్కువమంది అంకెలు తన అంకెల్లాగే గందరగోళంగా వచ్చాయి. ఆయన వాటిని బోర్డు మీద వేసి రెండు క్లాసులు పాఠం చెప్పారు. మేము శ్రద్ధగా విన్న పాఠాలు అవే.

తర్వాతి సెమిస్టర్‌లో ఆయన స్థానంలో వేరే మేడమ్ వచ్చారు. “ఆయనే మానేశారు,” అన్నారు హెచ్‌ఓడీ. నేను నమ్మలేదు. కొత్తావిడ ఎవరికి చుట్టమో కూడా ఆరా తీశాను. ఏమీ తేలలేదు.

నా స్నేహితురాలు ఉండబట్టలేక ఆయనకు ఫోన్ చేసింది. బాగానే మాట్లాడారట. ఇప్పుడెక్కడ చేస్తున్నారు సార్ అంటే, “ఏదో, నడుస్తోందమ్మా” అన్నారట. ఆ మాట ఎట్లా అన్నారు, నవ్వుతూనా, విసుగ్గానా అని తనని ఎన్నోసార్లు అడిగాను.

“మామూలుగనే అన్నడే,” అంటుంది తను. మళ్ళీ తనే, “ఏమో, నాకు గూడ సమజ్ గాలే,” అంటుంది.