మా అన్న పెంచని కుందేలు

మనవడి ఒళ్లో తెల్ల కుందేలుతో ఫేస్‌బుక్‌లో ఫొటో పెట్టి, "చిన్నప్పుడు మేం గూడ గిట్లాంటిదాన్నే పెంచినం" అని రాశాడు మా అన్న. మీరంతా లవ్ గుర్తులు గుమ్మరించారు.

జూబ్లీహిల్స్ బండల మీద ఆడుకున్న మిత్రులారా, అక్కడి ఎండుగడ్డి వాసన గుర్తుందా? ఆ గడ్డిలోనే ఒక మట్టిరంగు కుందేలు పిల్ల కదలకుండా కూర్చుని ఉంది.

"తల్లి ఇడిసిపెట్టి పోయిందిరా."

"లేదన్నా, పొద్దుగూకితే వస్తది. ముట్టకు."

"నీకేం ఎరుకరా, పుస్తకాల పురుగా!"

పెంపుడు కుందేలు పిల్ల బొచ్చు లేకుండా, కళ్లు మూసుకుని పుడుతుంది. దానికి గూడు కావాలి. అడవి కుందేలు పిల్ల బొచ్చుతో, తెరిచిన కళ్లతో ఆరుబయటే పుడుతుంది. తల్లి దూరంగా ఉండి, చీకటి పడ్డాక వచ్చి పాలు ఇస్తుంది. మా అన్న మాత్రం దాన్ని అమ్మ కందిపప్పు డబ్బాలో పెట్టి, దూదితో బర్రెపాలు పట్టాడు. తెల్లారేసరికి బిగుసుకుపోయింది.

పిల్లను తెచ్చిన సాయంత్రమే తల్లి వచ్చి గడ్డంతా వెతకడం నేను చూశాను. చెప్తే నవ్వాడు.

అన్నా, నువ్వు దాన్ని పెంచలేదు, చంపావు. నీ ఫొటో కింద ఇదే రాస్తే తుడిచేశావు. ఇది నా వాల్, ఇక్కడ తుడవలేవు.