నోటీసు అందుకునే మనిషి

మా చెల్లెలు అద్దంకి నుంచి ఫోన్ చేసి, బాగున్నావా అని కూడా అడక్కుండా, "అన్నయ్యా, మన నంబరు చచ్చిపోయిందంట" అంది.

"ఏ నంబరే?"

"జీఎస్టీ నంబరు. గుంటూరు స్టోరు వాళ్ళు ఎంటర్ చేస్తే క్యాన్సిల్డ్ అని చూపిస్తోందంట. సరుకు దించుకోలేదు. కారం బస్తాలతో బండి వాళ్ళ గేటు ముందే నిలబడి ఉంది. ఇప్పుడేం చెయ్యమంటావు?"

ఏం చెయ్యమనాలో నాకు తెలియలేదు. తెలియనప్పుడు నాకు కోపం వస్తుంది. ముప్పై ఏళ్ళు కాలేజీలో లెక్కలు చెప్పి, సాయంత్రాలు హేతువాద సభల్లో గొంతు చించుకున్నవాణ్ణి. కోపం నాకు అలవాటే. కానీ ఈసారి ఎవరి మీద కోప్పడాలో తేలడానికి రెండు వారాలు పట్టింది.

చెల్లెలిది కారం మిల్లు. ఫ్యాక్టరీ అనుకోకండి. ఇంటి ముందు భాగంలో రెండు గదులు, ఒక మిషను, వెనక రేకుల షెడ్డు. తొడిమలు తీసేవాళ్ళు, కారం పట్టేవాళ్ళు, ప్యాకెట్లు కట్టేవాళ్ళు కలిపి తొమ్మిదిమంది ఆడవాళ్ళు. అందరూ చర్చి వెనక కాలనీ వాళ్ళే. ఈ నీడపట్టు పని లేకపోతే ఎండలో మిరపకోతలకు పోవలసినవాళ్ళు. హాస్టళ్ళకు సరుకులు పంపే గుంటూరు స్టోరు ఒక్కటే ఆమె కారంలో ముప్పాతిక వంతు కొంటుంది. ఆ స్టోరు మేనేజరు పదిరోజులు ఆగుతానన్నాడు. ఈలోగా నంబరు తిరిగి వస్తే సరి. రాకపోతే ఆర్డరు ఇంకో మిల్లుకు పోతుంది, ఈ ఆడవాళ్ళు పొలాలకు పోతారు.

ఆ నంబరు తెప్పించింది నేనే. అది ముందు చెప్పాలి.

మిల్లు పెట్టిన కొత్తలో, బస్టాండు దగ్గరున్న ఒక ట్యాక్స్ కన్సల్టెంటు దగ్గరకు వెళదామంది చెల్లెలు. సరే పద అని వెళ్ళాను, కానీ ఆయనతో వాదించడానికే వెళ్ళానని ఇప్పుడు ఒప్పుకుంటాను. ఆయన చాలా నెమ్మదిగా చెప్పాడు.

"మేడంగారు మిర్చి కొనడానికి యార్డుకు వెళతారు. మిషను ఆడుతుంటే లోపలివాళ్ళకు పిడుగు పడ్డా వినపడదు. గవర్నమెంటు వాళ్ళు మీకు వీలున్నప్పుడు రారు కదండీ. అందుకని నా ఫోను, నా మెయిలు ఇద్దాం. ఉత్తరాలకు మా ఆఫీసు అడ్రసు కూడా రాసిద్దాం. పది నుంచి అయిదు దాకా అక్కడ ఎవరో ఒకరు కూర్చునే ఉంటారు. ఏ కాగితం వచ్చినా సంతకం పెట్టి తీసుకుని, అదేమిటో, ఎప్పటిలోగా జవాబు చెప్పాలో మీకు చెబుతాం."

"ఉత్తరం అందుకోవడం కూడా ఒక ఉద్యోగమేనా?" అన్నాను.

"ఉద్యోగమేనండీ. అందనప్పుడు తెలుస్తుంది."

నాకు ఒళ్ళు మండింది. భక్తుడికీ దేవుడికీ మధ్య పూజారి ఎందుకని అడిగే నేను, పౌరుడికీ ప్రభుత్వానికీ మధ్య మీరెందుకని ఆయన్ను అడిగాను. ప్రభుత్వం మనది, చట్టం చదవడానికి ఉన్నది, చదువుకున్నవాళ్ళు ఇలా మధ్యవర్తుల్ని పోషిస్తుంటే చదువు రానివాళ్ళ గతేమిటి అని, అక్కడ బల్ల ఉంది కాబట్టి బల్ల కూడా గుద్దాను. ఆయన నవ్వాడు.

"దేవుడు నోటీసులు పంపడు కదండీ మాస్టారూ."

చెల్లెలు కూడా నవ్వింది. ఆ నవ్వుతో నా పట్టుదల ఇంకా పెరిగింది. ఇంటికి వచ్చి నేనే కంప్యూటరు ముందు కూర్చుని దరఖాస్తు నింపాను. ఫోను నాది, మెయిలు నాది. వ్యాపారం చేసే చోటు అన్న గడిలో చెల్లెలి ఇంటి డోర్ నంబరు, దక్షిణం వైపు పెద్దవీధి పేరు. నంబరు వచ్చిన రోజు మా సభలో దీన్ని ఉదాహరణగా చెప్పి చప్పట్లు కూడా కొట్టించుకున్నాను.

ఏడాదిన్నర కిందట మిల్లు సరుకు రెండుసార్లు తిరిగి వచ్చింది. మిర్చిలో తేమ ఎక్కువై ఉంటుంది. చెల్లెలు మాత్రం ఒక సిద్ధాంతిని పిలిపించింది. ఆయన ఇల్లంతా తిరిగి, దక్షిణం వాకిలి వ్యాపారానికి అచ్చిరాదని, దాన్ని మూసి తూర్పు సందులోకి తలుపు పెట్టమని చెప్పి పోయాడు. ఆమె పెద్దవీధి తలుపుకు తాళం వేసి, లోపల అడ్డంగా ఇనుప బీరువా పెట్టించింది. బోర్డు పీకించి సందులో కట్టించింది. ఆ సంగతి తెలిసి ఫోన్లో గంటసేపు వాదించాను. గాలి, వెలుతురు, తేమ అన్నీ చెప్పాను. దిక్కులు మనిషి పెట్టుకున్న పేర్లని చెప్పాను. ఆమె "సరే అన్నయ్యా" అని పెట్టేసింది. పంతంకొద్దీ అప్పటినుంచి ఆ ఇంటి గడప తొక్కలేదు. సిద్ధాంతి గురించి గంటసేపు మాట్లాడిన నేను పోస్టుమ్యాన్ గురించి ఒక్కమాట అడగలేదు. రికార్డులో ఉన్నది మూసిన వాకిలి అడ్రసని నాకు తట్టనే లేదు.

నంబరు పోయిందన్న మర్నాడు పొద్దున్నే బస్సెక్కి అద్దంకి వెళ్ళాను. మూసిన తలుపు ముందు నిలబడ్డాను. తాళానికి తుప్పు, గొళ్ళేనికి సాలెగూడు. తలుపు సందుల్లోంచి మాత్రం కారం ఘాటు ముక్కుపుటాలు కాల్చేస్తోంది. ఎదురుగా పచారీ కొట్టాయన అరుగు మీద నుంచి పిలిచాడు.

"ఏం మాస్టారూ, ఇన్నాళ్ళకు దారి తెలిసిందా?"

ఎవరైనా ఆఫీసు వాళ్ళు వచ్చారా అని అడిగాను.

"వచ్చారుగా. రెండు నెలలైంది. బండి మీద వచ్చి తలుపు కొట్టారు. తాళం చూశారు. కరెంటు పోయి మిషను ఆగి ఉంది, ఆడవాళ్ళంతా వెనక షెడ్డులో ఉన్నారేమో పలకలేదు. ఘాటు మాత్రం కొట్టి తుమ్మారు. ఒంటి తుమ్ము. మంచిది కాదని మా అరుగు మీద కాసేపు కూర్చున్నారు. మంచినీళ్ళు ఇచ్చాను. అవి తాగి, లేచి, తలుపు ఫొటో తీసుకుని వెళ్ళిపోయారు."

"తలుపు సందులో ఉందని చెప్పలేదా నువ్వు?"

"ఎందుకు చెబుతానండీ! వచ్చినవాడు ట్యాక్సు ఆఫీసరు. ఇళ్ళు చూపించి పక్కవాళ్ళను పట్టించేవాణ్ణా నేను? ఆ మిల్లావిడ ఈమధ్య కనపడటం లేదు సార్ అన్నాను. మీ చెల్లెలుగారి మేలు కోరే అన్నాను."

నేను నెత్తి కొట్టుకున్నాను. మా ఊళ్ళలో ఇది మర్యాద. ఆఫీసరు అడిగితే పక్కింటివాడు ఊళ్ళో లేడనే చెబుతారు. అప్పులవాళ్ళొచ్చినా, పోలీసులొచ్చినా, జనాభా లెక్కలవాళ్ళొచ్చినా అదే జవాబు. ఆ మర్యాదే మా చెల్లెలి మిల్లు లేదని సాక్ష్యం చెప్పింది.

మరి ఆ ఆఫీసరు? చదువుకున్నవాడు, పరీక్షలు రాసి వచ్చినవాడు. మూసిన ఇంట్లోంచి తుమ్మొచ్చేంత కారం ఘాటు ఎందుకు వస్తోందని ఆలోచించలేదు. లోపల మిల్లు నడుస్తోందనడానికి అంతకన్నా రుజువేం కావాలి? ఆ రుజువు తన ముక్కులోకే దూరితే దాన్ని అపశకునం అనుకుని, అది పోయేదాకా అరుగు మీద కూర్చుని, తర్వాత 'ఇక్కడ వ్యాపారం లేదు' అని రాసుకుని వెళ్ళాడు.

లోపలికి వెళ్ళేసరికి చెల్లెలు మిషను ఆపించింది. మూతులకు గుడ్డలు కట్టుకున్న ఆడవాళ్ళు తొడిమలు తీయడం ఆపి మా ఇద్దరి వంకా చూస్తున్నారు.

"ఆ వాకిలి మూశాకే స్టోరు ఆర్డరు వచ్చింది, తెలుసా?" అంది చెల్లెలు, నేను నోరు తెరవకముందే.

"ఆ వాకిలి మూసినందుకే ఇప్పుడు పోతోంది."

"ఉత్తరం వచ్చినా తిరిగిపోయిందట. పాత పోస్టుమ్యాన్ అయితే సందులోకి వచ్చి ఇచ్చేవాడు. కొత్తబ్బాయి డోర్ నంబరు చూసి పెద్దవీధి వైపు పోయాడు. సరే, నా తప్పే. మరి మెయిలు రాలేదా నీకు?"

"నాకేం రాలేదు."

"చూడు."

చూశాను. చదవని మెయిళ్ళు వేలల్లో ఉన్నాయి. వెతికితే మూడు దొరికాయి. మీ చిరునామాలో వ్యాపారం కనపడలేదు, వారంలో సంజాయిషీ ఇవ్వండి అని ఒకటి. విచారణకు హాజరు కండి అని ఒకటి. రద్దు చేశాం అని ఒకటి. పైన బ్యాంకు లోను ప్రకటన, కింద మా సభ ఆహ్వానం. ఆ ఆహ్వానం మాత్రం చదివాను, సభకూ వెళ్ళాను, 'ప్రశ్నించే పౌరుడు' అనే అంశం మీద నలభై నిమిషాలు మాట్లాడాను.

"నా వాకిలి సంగతి ఊరందరికీ తెలుసు" అంది చెల్లెలు. "నీ మెయిలు సంగతే నాకు తెలియదు."

తొడిమలు తీసే ఒక పెద్దావిడ గుడ్డ కిందికి లాగి, "అయ్యగారూ, రేపు పనికి రావాలా, వద్దా? అది చెప్పండి చాలు" అంది.

జీఎస్టీ ఆఫీసుకు నేనే వెళతానన్నాను. ఆ ఆఫీసరు మర్యాదస్తుడే. కుర్చీ చూపించాడు.

"నోటీసు సర్వ్ అయింది సార్."

"ఎవరికి?"

"పోర్టల్లో పెట్టాం. మెయిల్ వెళ్ళింది. పోస్టు పంపాం."

"పంపారు. అందిందా అని అడుగుతున్నాను."

"పంపితే అందినట్టే సార్. రూలు."

"లోపల తొమ్మిదిమంది పనిచేస్తున్నారండీ!"

"కావచ్చు సార్. ఫైల్లో ఉన్నది మాత్రం తాళం."

తుమ్ము సంగతి ఎత్తాను. ఆయన మొహం కాస్త ఎర్రబడింది. "ఈ జిల్లాలో ఏ వీధిలో నిలబడ్డా ఘాటే కదా సార్" అన్నాడు. దానికి వెంటనే జవాబు దొరక్కపోవడం నన్ను ఇప్పటికీ బాధిస్తోంది.

ఇంటికొచ్చి నాలుగు పేజీల లేఖ రాశాను. పంపితే అందినట్టే అనుకోవడం మంత్రం చదివితే వాన పడుతుందనుకోవడం లాంటిదే అన్నాను. అవతలివాళ్ళ మాట వినకుండా తీర్పు చెప్పకూడదనే సహజ న్యాయం గురించి రాశాను. మంచి వ్యాసం అది. ఆఫీసరు రెండుసార్లు తిరగేసి, "బాగుంది సార్, ఇందులో దరఖాస్తు ఎక్కడుంది?" అని అడిగాడు. దరఖాస్తు ఆన్‌లైన్లో వేరే ఫారంలో వెయ్యాలట. వేశాను. ఒక కాగితం తక్కువైందని వెనక్కి వచ్చింది. మళ్ళీ వేశాను. ఫొటో సైజు ఎక్కువైందట. పదిరోజుల్లో ఆరు ఇలా పోయాయి.

ఏడోరోజు చెల్లెలు నాకు చెప్పకుండా బస్టాండు దగ్గరకు వెళ్ళింది. ఆ కన్సల్టెంటు, నాలుగేళ్ళ కిందట నేను బల్ల గుద్దిన మనిషి, 'నేను అప్పుడే చెప్పాను' అన్న మాటే అనలేదట. అని ఉంటే నాకు కొంచెం తేలికగా ఉండేది. సందులో తలుపు, బోర్డు, మిషను, పనిచేస్తున్న ఆడవాళ్ళు, అన్నీ ఫొటోలు తీయించాడు. ఇంటిపన్ను రసీదు, కరెంటు బిల్లు జతచేశాడు. వాకిలి ఎందుకు మారిందో రెండు వాక్యాల్లో రాశాడు. అందులో వాస్తు అన్న మాటే లేదు. 'ప్రవేశమార్గం తూర్పు వైపుకు మార్చబడినది', అంతే. ఆఫీసరుతో మాట్లాడి మళ్ళీ తనిఖీకి రప్పించాడు. ఆయన వచ్చే వేళకు తనే సందు మొదట్లో నిలబడి లోపలికి తీసుకొచ్చాడు.

నేను ఆగలేక ఫోన్ చేసి, "ముందు ఆ దక్షిణం తలుపు తెరిపించండి, అసలు రోగం అది" అన్నాను.

"తలుపులు తెరిపించడం మీ పని మాస్టారూ. అడ్రసు సరిచెయ్యడం నా పని" అన్నాడు.

ఇంత జరిగినా నా అభ్యంతరం నాకుంది. సొంత ఇంట్లో, తొమ్మిదిమందికి పని చూపిస్తూ, పన్ను కడుతున్న మనిషికి ప్రభుత్వం రాసిన ఉత్తరం చేరడానికి ఇంకో మనిషిని పెట్టుకోవలసి రావడం ప్రభుత్వానికి సిగ్గుచేటు. ఆ మాట ఏ సభలోనైనా అంటాను. కానీ ఆ సిగ్గు ప్రభుత్వానికి వచ్చేదాకా మా చెల్లెలు మిషను ఆపుకుని గుమ్మంలో కూర్చోలేదు. యార్డుకు పోవడం మానలేదు. పది నుంచి అయిదు దాకా కదలకుండా కూర్చుని, వచ్చిన కాగితం చదివి, గడువు గుర్తుపెట్టుకునే మనిషి ఆమెకు కావాలి. ఆ మనిషిని నేనే అవుతానని మాటిచ్చి, కాలేకపోయాను. ఇది సిద్ధాంతాలతో తేలే విషయం కాదు. తేలదని ఒప్పుకోవడానికి నాకు చిరాగ్గా ఉంది.

నంబరు పద్నాలుగో రోజున బతికింది. స్టోరు పదకొండో రోజునే సగం ఆర్డరు చిలకలూరిపేటలో ఇంకో మిల్లుకు ఇచ్చేసింది. మిగతా సగం చెల్లెలికి ఉంచింది. తొమ్మిదిమందిలో అయిదుగురు మిల్లులో ఉన్నారు, నలుగురు మిరపకోతలకు వెళ్ళారు. పనికి రావాలా అని నన్నడిగిన పెద్దావిడ ఆ నలుగురిలో ఉంది.

తర్వాతి వారం కన్సల్టెంటు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, రికార్డులో మీ ఫోనూ మెయిలూ తీసేసి మావి పెడుతున్నాం. మీ నంబరుకు ఓటీపీ వచ్చుంటుంది. కాస్త చెబుతారా?"

అంకెలు ఒక్కొక్కటే చదివాను. ఆయన తిరిగి చెప్పాడు. సరిపోయింది.

"ఇక మీకు ఏమీ రావండి" అన్నాడు మర్యాదగా.

చెల్లెలికి ఫోన్ చేసి, ఆ నలుగుర్నీ మళ్ళీ పనిలోకి ఎప్పుడు పిలుస్తావని అడిగాను.

"స్టోరు వాళ్ళు నన్ను పిలిచినప్పుడు" అని పెట్టేసింది.