చిన్న కంప్యూటర్ కోసం ఆగిన ఏడాది

కొత్త సామాను డబ్బా తెరవగానే వచ్చే వాసన చాలామందికి ఇష్టం. నాకు పడదు. మొన్న మా ఆఫీసులో పాత కంప్యూటర్లు తీసేసి, రెండు అరచేతుల్లో పట్టేటంత చిన్నవి తెచ్చిపెట్టారు. అట్టపెట్టె చింపగానే థర్మోకోలు, కొత్త ప్లాస్టిక్కు, ఏదో జిగురు కలగలిసిన ఆ వాసన గుప్పుమని కొట్టింది. పక్క సీటు అమ్మాయి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని మురిసిపోయింది. నేను తిరగేసి అడుగు చూశాను. నున్నగా ఉంది, ఎక్కడా ఒక్క స్క్రూ లేదు. టేబుల్ మీద పెట్టేసి వెళ్లి చేతులు కడుక్కొచ్చాను. అంత అసహ్యం దేనికని ఆ అమ్మాయి అడగలేదు కానీ, అడిగితే రాయపూర్ నుంచి మొదలుపెట్టాల్సి వచ్చేది.

నాకప్పుడు పదకొండేళ్లు. రాయపూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి రైల్వే ఉద్యోగాలకి వచ్చి అక్కడే నిలిచిపోయిన కుటుంబాల్లో మాదొకటి. ఒకటిన్నర గది క్వార్టరు, ముందు రేకుల పంచ, వెనక జామచెట్టు. ఎండాకాలం వస్తే కూలరుకి కట్టిన వట్టివేళ్ల చాపల తడివాసన, గోడకి ఆనించిన కుండలో నీళ్ల మట్టివాసన, మధ్యాహ్నం వడగాలికి తలుపులన్నీ మూసేసి చీకటి గదిలో అమ్మ కలిపిచ్చే పచ్చిమామిడి షర్బత్తు. సాయంత్రం గాలి చల్లబడగానే సందులో ఆడపిల్లలమంతా చేతులు పట్టుకుని గొంతుక్కూర్చుని తిరిగే ఫుగడీ ఆట, మగపిల్లల బొంగరాలు, ఏడుపెంకులాట. ఇదంతా ఇలా రాస్తుంటే అందంగానే కనిపిస్తుంది. కానీ ఉర్లా ఫ్యాక్టరీల వైపు నుంచి గాలి మళ్లిన రోజున ఆ అందం మీద నల్లటి పొడి వచ్చి కూర్చునేది. డాబా మీద అమ్మ పెట్టిన గుమ్మడి వడియాలు సాయంత్రానికి బొగ్గు ముక్కల్లా తయారయ్యేవి. ముక్కు చీదితే నలుపు, దిండు దులిపితే నలుపు, తాగే నీళ్ల మీద సన్నటి నల్లటి తెట్టు. ఆ తెట్టు వేలితో పక్కకి నెట్టి తాగడం నాకింకా గుర్తుంది.

నాన్న వ్యాగన్లు బాగుచేసే షాపులో ఫిట్టరు. ఆదివారం పొద్దున్నే పంచలో పాత పేపరు పరిచి, టేబుల్ ఫ్యానో, మిక్సీయో, రేడియోయో ఏదో ఒకటి విప్పి, ముక్కముక్కా కిరోసిన్ గుడ్డతో తుడిచి, మళ్లీ బిగించేవాడు. ఆ నల్లపొడి ఊళ్లో అలా తుడవని యంత్రం ఏదీ బతకదని ఆయన నమ్మకం. మేం పక్కన కూర్చుని స్క్రూలు అందించేవాళ్లం. "ఇప్పి సూసుకోలేని సామాను కొని ఏటి సేత్తాం?" అనేవాడు, ఎవరు ఏది కొన్నామని చెప్పినా.

మా అప్పకి అప్పటికి ఇరవై ఒకటి. మా వైపు అక్కని అప్ప అంటారు. పేరు సరళ. బీకాం అయ్యాక కంప్యూటర్ మీద హిందీ అక్షరాలు కూర్చడం నేర్చుకుని, పండరీ బట్టల బజారు వెనక ఒక ప్రింటింగ్ ప్రెస్సులో చేరింది. బట్టల షాపుల బిల్లు పుస్తకాలు, పెళ్లి కార్డులు, చందా రసీదులు అక్కడ అచ్చయ్యేవి. అప్ప చేతులు కీబోర్డు మీద వాన చినుకుల్లా పడేవి. అక్షరానికీ అక్షరానికీ మధ్య ఎంత చోటు ఉండాలో చూపుతోనే కొలిచేది. బజారులో నడుస్తూ దుకాణాల బోర్డుల్లో తప్పులు పట్టేది.

వేసవి సెలవుల్లో మధ్యాహ్నం ఆమెకి అన్నం డబ్బా తీసుకెళ్లే పని నాది. సైకిలు తొక్కుకుంటూ వెళ్లేదాన్ని. ప్రెస్సు యజమానిని అందరూ మాలిక్ అనేవారు. పెద్ద పొట్ట, తెల్లటి లాల్చీ, నోట్లో ఎప్పుడూ గుట్కా. మూల గోడంతా ఎర్రగా, నడుం ఎత్తు దాకా చారలు చారలుగా ఉండేది. ఒకరోజు నేను గుమ్మంలోకి వెళ్లేసరికి అతను అప్ప కుర్చీ వెనక నిలబడి, స్క్రీను మీద ఏదో చూపిస్తూ ముందుకి వంగి ఉన్నాడు. చెయ్యి కుర్చీ మీద నుంచి జారి అప్ప భుజం మీదకి, అక్కణ్నుంచి మెడ కిందకి వచ్చింది. అప్ప కదల్లేదు. అతను మాట్లాడుతుంటే ఎర్రటి తుంపరలు స్క్రీను మీద పడ్డాయి. అతను పక్కకి వెళ్లాక అప్ప చున్నీ కొసతో వాటిని తుడిచింది, తర్వాత ఆ కొసని చూసుకుని మడతలోపలికి దోపేసింది.

ఆ రోజు అప్ప అన్నం డబ్బా ముట్టుకోలేదు. బయట మెట్ల మీద నాతో అంది: "ఇంట్లో సెప్పకు గుంటా. సెప్తే నాన్న మానిపించీసి ఇంట్లో కూసోబెడతాడు. మనకి కంప్యూటర్ వొచ్చీనాక నేనే మానీస్తాను. పెళ్లికార్డులు ఇంట్లోనే సేసుకుంటాను."

నేను ఒట్టు పెట్టాను.

కంప్యూటర్ కొనడానికి నాన్న సిద్ధంగానే ఉన్నాడు. జూన్ మొదట్లో మేం ముగ్గురం స్టేషన్ రోడ్డులో ఒక కంప్యూటర్ల దుకాణానికి వెళ్లాం. పొడవాటి పెద్ద పెట్టె ఒకటి అక్కడే తయారుగా ఉంది. మూత తీసి చూపించమంటే తీసి చూపించారు. నాన్న లోపలికి తొంగి చూసి, మెమరీ ఎక్కడ పెంచుతారు, డిస్కు ఎక్కడ తగిలిస్తారు అన్నీ అడిగి, తృప్తిగా తలాడించాడు. వారంలో ఇంటికి పంపిస్తామన్నారు. అప్పుడే ఆ దుకాణం ఆయన, నవ్వు మొహం, వేళ్లకి ఉంగరాలు, ఒక రంగుల కాగితం తీసి మా ముందు పరిచాడు. అందులో ఒక చిన్న పెట్టె ఉంది, బియ్యం కొలిచే కుంచం పక్కన పెడితే దానికంటే చిన్నగా ఉండేటట్టుంది. పాతది ఒకటి షెల్ఫులో ఉంటే తెచ్చి, రెండు స్క్రూలు విప్పి మూత ఎత్తి చూపించాడు. దీనికే కొత్త మోడల్ వస్తోంది, ఇంకా జోరుగా పనిచేస్తుంది, ఒక్క నెల ఆగండి చాలు, "బస్ ఏక్ మహీనా రుక్ జాయియే, అంకుల్" అన్నాడు.

"ఇలాగే ఖుల్తాదా అదీ? తర్వాత మెమరీ పెంచుకోవచ్చా?" నాన్న తెలుగూ హిందీ కలిపి రెండుసార్లు అడిగాడు.

"సబ్ ఖులేగా" అన్నాడు ఆయన, అన్నీ తెరుచుకుంటాయని.

మా ఒకటిన్నర గదిలో పెద్ద పెట్టె పెడితే మంచానికి దారి ఉండదు. నాన్న అప్ప వైపు తిరిగి "ఒక నెల రుకుదామా అమ్మా?" అన్నాడు. అప్ప ఆ కాగితం వంక చూసింది. ఆమె ఏమీ అనకముందే నేను "చిన్నదే కావాలి" అన్నాను. క్లాసులో ఎవరి ఇంట్లోనూ లేనిది మా ఇంటికి వస్తుందని నా ఆశ. ఎర్రటి తుంపరలు నాకు తెలుసు, చున్నీ కొస తెలుసు, అయినా అన్నాను. "మీ ఇష్టం నాన్నా" అంది అప్ప.

ఆ రంగుల కాగితం మా గోడకెక్కింది. నెలన్నది వానల్లోకి జారింది. కిటికీ పక్కన టేబులు ఖాళీ చేశాం. అమ్మ లేని కంప్యూటరుకి పువ్వులు కుట్టిన గుడ్డ కవరు కుట్టింది. పోలా పండగొచ్చింది, మట్టి ఎడ్లకి చక్రాలు తగిలించి సందంతా లాక్కుంటూ తిరిగాం, పక్కింటి వాళ్లు తమ పిండివంటలు ఠేఠరీ, ఖుర్మీ పళ్లెంలో పెట్టి పంపారు, అదే పళ్లెంలో అమ్మ బూరెలు పెట్టి వెనక్కి పంపింది. వినాయకుడి పందిళ్లొచ్చాయి, పోయాయి. ప్రతిసారీ నాన్న డ్యూటీ దిగి దుకాణానికి సైకిలు మీద వెళ్లి, అదే నవ్వు చూసి తిరిగొచ్చేవాడు. దసరాకి వస్తుందట. దీపావళికి వస్తుందట. ఎదురుచూడడం నాకెంత బాగుండేదో చెప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గుగా ఉంది. స్కూల్లో రోజుకో కొత్త కబురు చెప్పేదాన్ని.

అప్ప మాత్రం నెమ్మదిగా మాట మానేసింది. ఇంటికి రాగానే ముందు స్నానాల గదిలోకి వెళ్లేది. బీరపీచుతో భుజాలు, మెడ ఎర్రగా కందేదాకా రుద్దుకునేది. "ఏటే, తోలు ఊడొచ్చేలాగ?" అని అమ్మ కసిరితే, ఉర్లా పొడి అనేది. దీపావళి ముందు ఒక ఆదివారం, నాన్న ఫ్యాను విప్పుతుంటే పక్కన కూర్చుని అంది: "పెద్దదే తెచ్చీద్దాం నాన్నా. మంచం ఎత్తీసి నేను కింద పడుకుంటాను."

"ఇన్నాళ్లు ఆగినాం, ఇంకెంత. కొత్తది వొచ్చీ టయానికి పాతది కొంటామేటి?" అన్నాడు నాన్న, తల ఎత్తకుండానే. ఆయన తప్పేమీ లేదు, ఆయనకి తెలియదు. తెలిసింది నాకు. నేను స్క్రూలు సైజుల వారీగా సర్దుతూ కూర్చున్నాను.

చలి ముదిరిన జనవరిలో వచ్చింది. వాసన వేస్తూ, మెరుస్తూ, బొమ్మలో ఉన్నట్టే. సందులో పిల్లలంతా కిటికీ ఊచలకి వేలాడారు. అమ్మ బొట్టు పెట్టింది. అప్ప కూర్చుని, పెళ్లికార్డు కూర్చే సాఫ్ట్‌వేర్ ఎక్కించి తెరిచింది. అది తెరుచుకునేసరికి అమ్మ టీ కాచి తెచ్చింది. ఒక గణపతి బొమ్మ పెట్టగానే స్క్రీను బిగుసుకుపోయింది. "మెమరీ సాలదు నాన్నా" అంది అప్ప. పరవాలేదు, పెంచుదాం అని నాన్న స్క్రూడ్రైవరు తెచ్చి పెట్టెని తిరగేశాడు. స్క్రూలు లేవు. అంచుల చుట్టూ వేళ్లతో తడిమాడు. చివరికి సన్నటి రేకుతో ఒక చోట ఎత్తితే ప్లాస్టిక్ పటుక్కున విరిగి మూత వచ్చింది. లోపల మెమరీతో సహా అన్నీ సర్క్యూట్ పలకకే టంకంతో అతికించి ఉన్నాయి. తీసేదీ లేదు, పెట్టేదీ లేదు.

దుకాణానికి మళ్లీ ముగ్గురం వెళ్లాం. ఉంగరాల చెయ్యి గాల్లో ఊపి, కొత్త మోడల్లో మూత తెరిచే ఏర్పాటు కంపెనీయే బంద్ చేసేసిందని, అసలు తెరవాల్సిన అవసరమేమొచ్చిందని, తెరిచారు కాబట్టి ఇక వాపసు కుదరదని చెప్పాడు. అదే నవ్వు. ఏడు నెలలు చూసిన ఆ నవ్వు వెనక ఇంతకాలం ఏమీ లేదని అప్పుడు తెలిసింది. ఆయన ఆ పెట్టె గురించి నాన్నకి ఒక్కసారి కూడా కనుక్కుని చెప్పలేదు, నోటికొచ్చింది చెప్పాడు.

ఇంటికొచ్చాక నాన్న మంచం అంచున కూర్చుని అన్నాడు: "ఇంకో ఏడాది ఆ ప్రెస్సులోనే సెయ్యమ్మా. దీని సంగతి నిదానంగా సూద్దాం."

అప్ప "సరే" అంది. ఆ సరే వినగానే నేను ఇక ఆగలేకపోయాను. ఒట్టూ గిట్టూ మర్చిపోయి మొత్తం చెప్పేశాను, కుర్చీ, చెయ్యి, మెడ, తుంపరలు. అమ్మ చేతిలో చపాతీ పిండి అలాగే ఉండిపోయింది. నాన్న నా వైపు చూడలేదు, అప్ప వైపూ చూడలేదు. విరిగిన ప్లాస్టిక్ ముక్క ఒకటి చేతిలో పట్టుకుని నేల చూస్తూ, "ఎప్పట్నించి?" అన్నాడు.

"మీరు ఆగుదామనకముందు నించీ" అంది అప్ప.

మర్నాడు పొద్దున నాన్న సెలవు పెట్టాడు. అప్పతో ప్రెస్సుకి వెళ్తుంటే నేనూ సైకిలు వెనక ఎక్కాను. బయట కొట్లాట అవుతుందనుకున్నాను. నాన్న గుమ్మంలో నిలబడ్డాడు, అంతే. అప్ప లోపలికి వెళ్లి తన ఫ్లాపీలు, స్కేలు, నీళ్ల సీసా సంచిలో వేసుకుంది. మాలిక్ నోట్లోది బుగ్గకి నెట్టి "క్యా హువా, బేటీ?" అన్నాడు. ఆ నోట్లోంచి కూతురా అన్న పిలుపు వినడం కంటే రోతైంది నేనింకేదీ వినలేదు. అప్ప తిరిగి, మెషిన్ల వాళ్లూ కార్డుల కోసం వచ్చిన ఇద్దరు ముగ్గురూ వింటుండగా, అతను ఏ రోజు ఏం చేశాడో హిందీలో ఒక్కొక్కటీ చెప్పింది. గొంతు పెంచలేదు. నాన్న అన్నీ విన్నాడు. అందరూ చేతుల్లోని కాగితాల వంక చూసుకున్నారు. ఒకాయన మాత్రం, అప్ప చెప్పడం అయిపోయాక, తన కార్డులు సాయంత్రానికి అందుతాయా లేదా అని అడిగాడు. మాలిక్ అందుతాయన్నాడు.

ఆ తర్వాత నాన్న ఏదో ఆఫీసు వేలంలో పాత పెద్ద పెట్టె ఒకటి పట్టుకొచ్చాడు. మంచం పంచలోకి వెళ్లింది. ఆయనా అప్పా కలిసి దానికి మెమరీ పెంచారు, డిస్కు మార్చారు, ఆదివారం ఆదివారం ఆ నల్లపొడి తుడిచారు. అప్ప దాని మీద కాలనీలో సగం పెళ్లిళ్ల కార్డులు కూర్చింది. పెళ్లయ్యాక అభన్‌పూర్‌లో సొంతంగా దుకాణం పెట్టుకుంది. నాన్న ఆమెని క్షమించమని ఎప్పుడూ అడగలేదు. కానీ రిటైరైన తర్వాత నెలకోసారి బస్సెక్కి వెళ్లి ఆమె యంత్రాలన్నీ విప్పి తుడిచి వచ్చేవాడు. నేను అడిగాను, ముప్పై దాటాక. చిన్నదే కావాలన్నది నేనే కదా అన్నాను. అప్ప "ఆ బొమ్మ నాకూ నచ్చిందే. పెద్దదే సాలు అని నోరు తెరిచి అనలేకపోనాను. దానికే నా మీద నాకు రోత" అంది. ఇన్నేళ్లు ఆ రోత నా ఒక్కదానిదే అనుకున్నాను.

ఇప్పుడు ఆ క్వార్టర్లు లేవు, కూల్చేశారు. జామచెట్టు చోట సిమెంటు పార్కింగు. అక్షరాలు కూర్చే పని అంటే ఏమిటో మా పిల్లలకి తెలియదు, పెళ్లి కార్డులు ఫోన్లోనే వస్తున్నాయి. అమ్మా నాన్నా ఇద్దరూ లేరు. పోయిన శీతాకాలం అప్ప కూతురి పెళ్లికి చీరలు కొందామని పండరీ వెళ్లాం. ప్రెస్సు చోట పెద్ద ఫ్లెక్సీల దుకాణం ఉంది, లోపల చల్లగా, శుభ్రంగా, గోడలు తెల్లగా. కౌంటరు పైన మాలిక్ ఫొటో, గంధపు దండ వేసి, కింద పూజ్య పితాజీ అని బంగారు రంగు అక్షరాలు. నేను అక్కడే ఆగిపోయాను. అప్ప కళ్లద్దాలు సవరించుకుని ఆ ఫొటో వైపు కాదు, కింద అక్షరాల వైపు చూసింది.

"పూజ్యలో రెండక్షరాల మధ్యన సోటు ఎక్కువ పెట్టీసినారు" అంది. తర్వాత నా మోచెయ్యి పట్టుకుంది. "పద, సీరలు సూద్దాం."